కావాలని వదిలిన ఖాళీలు

నాకు ఖాళీ అంటే పడదు. డిష్‌వాషర్‌లో ఒక గరిటె పట్టేంత చోటు మిగిలినా మనసొప్పదు, కడిగిన గ్లాసునైనా తెచ్చి అక్కడ ఇరికిస్తాను. మా ఆయన ఈ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్విస్తాడు. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులు నేనే సర్దాలి, బూట్ల లోపల కూడా చాక్లెట్లు పెట్టగల మనిషిని. ఆఫీస్‌లో నాది ఇంచుమించు ఇదే పని. ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి ఎక్కడెక్కడి నుంచో వచ్చే డేటాలో చెత్త ఏరి, అడ్డదిడ్డంగా పడ్డ ఖాళీలు తీసేసి, వరసలో పెట్టి లోపలికి పంపిస్తాను. పదమూడేళ్ళుగా అదే చేస్తున్నాను, బాగా చేస్తానని పేరు కూడా ఉంది. అలాంటిదాన్ని, వందల ఏళ్ళ నాటి కొరియా ఆడవాళ్ళ ఉత్తరాల మీద చెయ్యి వేశాను. ఆ కథ చెప్పాలంటే ఇప్పటికీ నాకు సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి.

అమెరికాలో మేముండే అల్ఫారెట్టా ఊళ్ళో మా తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ లేదు. కొరియా వాళ్ళ చర్చిలో ఆదివారం మధ్యాహ్నం మాకు చోటిచ్చారు. పొద్దున వాళ్ళ ఆరాధన, వాళ్ళ భోజనాలు అయ్యాక మేం వెళ్తాం. వంటగది మాత్రం ఇద్దరికీ ఒకటే. ఫ్రిజ్‌లో పై అరలు వాళ్ళవి, కింది అరలు మావి. కారం పట్టించి ఊరేసిన క్యాబేజీ వాళ్ళది, దాన్ని కిమ్చీ అంటారు. గోంగూర జాడీ మాది. రెండూ ఒకదాని వాసన ఒకటి భరిస్తూ ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్నాయి. కిమ్చీ తిన్న మొదటిరోజే మా ఆంటీలు "ఇది పచ్చడేనమ్మా, పేరు మార్చారంతే" అని తేల్చేశారు. ఆ ఫ్రిజ్ దగ్గరే నాకు ఆ అమ్మాయి పరిచయమైంది.

ముప్ఫై లోపు వయసు, గుండ్రటి కళ్ళద్దాలు, నవ్వొస్తే చేత్తో నోరు మూసుకోవడం. కొరియా చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఒక ఆదివారం మా పులిహోర తిని, అందులో ఏమేం వేశారని అడగబోయి అరగంట మాట్లాడింది. ఆ అరగంటలోనే నన్ను "ఒన్నీ" అని పిలవడం మొదలుపెట్టింది. వాళ్ళ భాషలో అక్క అని. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే, ఆ ఒక్క పిలుపు మాత్రం కొరియాది. ఎవరైనా నన్ను అక్కా అన్నారంటే నేను అయిపోయానన్నమాట, ఇక ఏ పని చెప్పినా చేసేస్తాను.

ఆ అమ్మాయి చదివే యూనివర్సిటీ లైబ్రరీలో ఒక డిజిటల్ ఆర్కైవ్ ఉంది. పాత కొరియా పుస్తకాలు, వంశావళులు, ఉత్తరాలు ఒక్కో పేజీ ఫొటో తీసి, పక్కనే అందులోని మాటలు టైప్ చేసి, ఏ దేశంలో ఉన్న పరిశోధకులైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెడతారు. అందులో ఆ అమ్మాయి చూసుకునేది ఒకే కుటుంబపు ఆడవాళ్ళు రాసిన తొమ్మిది వందల చిల్లర ఉత్తరాలు. అంతకుముందు చదివిన విద్యార్థులు కొన్ని, ఈ అమ్మాయి కొన్ని, ఏళ్ళ తరబడి టైప్ చేశారు.

"టైప్ చేయడం అయిపోయింది, ఒన్నీ. కానీ ఏదైనా మాట వెతికితే దొరకదు. సెర్చ్ పని చేయదు," అంది.

సెర్చ్ పని చేయకపోవడమా! నేను పక్కన పులిహోర వడ్డిస్తూ ఉండగా! "నేను ఫిక్స్ చేసి పెడతాను," అన్నాను. హెచ్-వన్ వీసా మీద ఉన్నదాన్ని, ఇంకోచోట జీతానికి పని చేయకూడదు కాబట్టి ఇది సేవ అని చెప్పాను. లైబ్రరీ వాళ్ళు నాచేత ఏవేవో సంతకాలు పెట్టించుకుని సైట్ లోపలికి వెళ్ళే తాళాలిచ్చారు. నిజం చెప్పాలంటే నేను వాళ్ళ కాళ్ళావేళ్ళా పడైనా ఆ పని చేసేదాన్ని.

మర్నాడు ఆఫీస్‌లో లంచ్ టైమ్‌లో పెరుగన్నం డబ్బా తెరిచి పెట్టుకుని మొదటి ఉత్తరం చూశాను. జూమ్ చేశాను. ఇంకా జూమ్ చేశాను. కాగితంలో నారపోగులు కనిపించాయి. సిరా ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా. ఒక మూల ఎవరిదో వేలిముద్ర! ఎప్పుడో పోయిన ఒక మనిషి బొటనవేలు నా పెరుగన్నం పక్కన తెర మీద ఉంది. పక్క సీట్లోవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా "అబ్బ!" అన్నాను.

ఉత్తరం పైనుంచి కిందికి, కుడి నుంచి ఎడమకి రాసి ఉంది. చోటు అయిపోగానే ఆవిడ ఆపలేదు. కాగితం తిప్పి పై అంచులో రాసింది. అది నిండాక ఇంకా తిప్పి, వరసల మధ్య సందుల్లో తలకిందులుగా రాసింది. మా అమ్మమ్మ ఇన్‌లాండ్ లెటర్ జిగురు అంచు మీద కూడా "చిన్నదాన్ని అడిగానని చెప్పు" అని రాసేది, సరిగ్గా అలా. కాగితంలో చోటు వదలని ఈ కొరియా ఆవిడని చూస్తే నాకు కన్నులపండువైంది. ఈవిడ నా మనిషి అనుకున్నాను.

ఏం రాసిందో ఆ అమ్మాయి చదివి చెప్పేది. ఈవిడ ఆ ఇంటి పెద్ద, అత్తగారు. రాజధానిలో కొలువు చేసే కొడుక్కి రాసేది. ఎండుచేపలు పంపించాను, చేరాయా లేదా, చేరితే ఒక ముక్క రాయడానికేం. దూది మేజోళ్ళు కుట్టాను, నీ కాలు పెరిగిందో ఏమో. పిల్లి మళ్ళీ ఈనింది. నేను బాపట్లలో పుట్టి పెరిగినదాన్ని, ఎండుచేపల గురించి ఎవరు మాట్లాడినా నాకు చుట్టమే. ప్రతి ఆదివారం ఆ ఫ్రిజ్ దగ్గర "ఇంకా ఏమంది? ఇంకా ఏమంది?" అని సీరియల్ చూసేవాళ్ళలా వెంటపడేదాన్ని.

మరి ఇంత ప్రేమ ఉన్నదాన్ని చేసిన నిర్వాకం చూడండి.

టైప్ చేసిన మాటలని సెర్చ్‌కి సిద్ధం చేయాలంటే ముందు శుభ్రం చేయాలి. పాత కొరియా రాతలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు, అన్నీ కలిపి రాసుకుంటూ పోతారు. ఆ సంగతి నాకు మొదటి వారమే తెలిసింది, తెలిసినందుకు గర్వంగా కూడా ఉంది. అలాంటిది ఆ టైప్ చేసినదాంట్లో అక్కడొకటి ఇక్కడొకటి ఖాళీలు కనిపించాయి. ఖాళీలే లేని రాతలో ఖాళీ వచ్చిందంటే టైప్ చేసినవాళ్ళ వేలు జారినట్టేగా? ఒక శనివారం భోజనం చేసి కూర్చుని, ఒకే ఒక్క లైను కోడ్ రాసి, మొత్తం ఖాళీలన్నీ ఊడ్చి పారేశాను. ఎవరినీ అడగలేదు. అడగడానికేముంది, పదమూడేళ్ళుగా చేస్తున్నదే. ఎంత ముచ్చటగా కనిపించాయో తెలుసా ఆ ఉత్తరాలు! సందు లేకుండా, ఒత్తుగా, అరిసెల డబ్బా సర్దినట్టు. ఎగిరి గంతేసి మా ఆయనకి చూపించాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు, బాగుందన్నాడు.

సెర్చ్ పూర్తయ్యేసరికి ఇంకో ఆరు వారాలు పట్టింది. ఆ ఆదివారం ఫ్రిజ్ పక్కన బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, పెళ్ళికూతురిని కూర్చోబెట్టినట్టు ఆ అమ్మాయిని కూర్చోబెట్టాను. "నీకు కావలసిందేదో వెతుకు," అన్నాను. ఆ అమ్మాయి సెర్చ్ పెట్టెలో ముందు ఒక ఖాళీ కొట్టి, తర్వాత ఒక మాట టైప్ చేసింది. నొక్కింది.

సున్నా.

మళ్ళీ నొక్కింది. సున్నా. ఇంకో మాట ముందు ఖాళీ పెట్టి వెతికింది. సున్నా. ఒక ఉత్తరం తెరిచి చూసింది, ఇంకోటి తెరిచింది. చెయ్యి నోటి మీదికి వెళ్ళింది కానీ నవ్వు రాలేదు.

"ఒన్నీ, ఖాళీలు ఏమయ్యాయి?"

"తీసేశాను. తప్పులు కదా," అన్నాను, ఇంకా నవ్వుతూనే.

అప్పుడు చెప్పింది. ఆ కాలంలో రాజుగారి మాట రాయబోయే ముందు ఒక అక్షరం పట్టేంత చోటు వదిలి రాసేవాళ్ళట. మామగారి మాటకీ అంతే, పోయిన పూర్వీకుల మాటకీ అంతే. మాటతో చెప్పే గౌరవం కాదు, చోటు వదిలి చూపించే గౌరవం. అంచుల్లో, సందుల్లో, తలకిందులుగా రాసుకునే ఆడవాళ్ళు, కాగితం అంత పొదుపుగా వాడుకునే వాళ్ళు, ఆ ఒక్క చోట మాత్రం తెల్లకాగితం అలా వదిలేసేవాళ్ళు. నేను చెత్త అని ఊడ్చినదంతా ఆ గౌరవమే. పేరున్న ఇంటి పెద్దలందరినీ ఒక్క లైనుతో ఒకరి మీద ఒకరిని కూర్చోబెట్టాను.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ అమ్మాయి థీసిస్ మొత్తం ఆ ఖాళీల మీదే. అందులో ప్రాణం లాంటి సంగతి ఒకటుంది. ఎండుచేపల అత్తగారి కోడలు చిన్న వయసులోనే పోయింది. ఆ తర్వాత రాసిన రెండు మూడు ఉత్తరాల్లో అత్తగారు "కోడలు" అనే మాట ముందు ఖాళీ వదిలినట్టు ఈ అమ్మాయి కంటపడింది. తనకంటే చిన్నవాళ్ళకి ఎవరూ వదలరు, కోడలికి అసలు వదలరు. గైడ్‌గారు నమ్మలేదు. "కుంచె సిరాలో ముంచుకోవడానికి ఆగి ఉంటుంది, రెండు మూడు చోట్ల చూసి ఇంత పెద్ద మాట అనకూడదు," అన్నారట. అందుకే తొమ్మిది వందల ఉత్తరాల్లోనూ ఒక్కసారిగా వెతకాలనుకుంది. అందుకే సెర్చ్ కావాలంది. ఐదు వారాల్లో కమిటీ ముందు కూర్చోవాలి.

"బ్యాకప్ ఉంటుంది, కంగారు పడకు," అన్నాను. వెంటనే లాప్‌టాప్ తిప్పుకుని చూశాను. బ్యాకప్ ముప్ఫై రోజులే ఉంచుతారు. నేను ఊడ్చి అప్పటికి నలభై మూడో రోజు. టైప్ చేసినవాళ్ళందరూ నేరుగా సైట్లోనే చేశారు, ఎవరి దగ్గరా కాపీ లేదు. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. పైగా కిమ్చీ డబ్బా మూత పెడుతూ, "పర్లేదు ఒన్నీ, మీరు మంచికే చేశారు," అంది. తిట్టినా బాగుండేది. కార్‌లో కూర్చుని ఏడ్చాను, ఇంటికొచ్చి డిష్‌వాషర్ ముందు మళ్ళీ ఏడ్చాను.

రెండు రోజులు ఏడ్చాక బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. నేను ఊడ్చింది టైప్ చేసినదాన్నే కదా! ఫొటోలు అలాగే ఉన్నాయి. ఆ అత్తగారు వదిలిన ఖాళీ ఆవిడ కాగితం మీద భద్రంగా ఉంది, దాన్ని తీసేయడం నా తరం కాదు. వెంటనే ఫొటోల్లో ఖాళీలు కొలిచే ప్రోగ్రామ్ రాశాను. అది నాకంటే ఘనాపాటి. పురుగు కొట్టిన చోటల్లా గౌరవం అంది, మడత పడిన చోటల్లా గౌరవం అంది. మనిషి కళ్ళు కావాలి. ఆ అమ్మాయి స్నేహితులు నలుగురు కూర్చున్నారు కానీ చదువుతూ చదువుతూ ఖాళీలు దాటేసేవాళ్ళు.

"భాష వచ్చినవాళ్ళకి ఇదే కష్టం, ఒన్నీ. కళ్ళు అక్షరాల వెంట పరిగెడతాయి. ఖాళీ కనపడదు," అంది ఆ అమ్మాయి.

నేను చేతిలో ఉన్న చెంచా కింద పడేశాను. "ఆగు! కొరియన్ ఒక్క ముక్క కూడా రాని ఆడవాళ్ళు నాకు ఇరవై మంది తెలుసు!"

మా చర్చి స్త్రీల సమాజానికి పెద్ద నర్సాపురం ఆంటీ. డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది, కొడుకు, కోడలితో ఇక్కడే ఉంటోంది. ఎనిమిదో ఏట క్రోషా సూది పట్టి లేసు అల్లడం మొదలుపెట్టిందట, ఇప్పటికీ ప్రసంగం వింటూ కూడా ఒడిలో అల్లుతూనే ఉంటుంది. ఆంటీకి ఫోన్ చేసి నేను ఊడ్చిన ఖాళీల సంగతి చెప్పాను.

"అంటే ఏం చేయాలే? చదవక్కర్లేదా?"

"చదవకూడదు ఆంటీ. ఖాళీ ఎక్కడుందో చూడాలంతే."

"మాకు చదవడం వస్తే కదా!" అని పకపకా నవ్వింది. "శనివారం వస్తాం పో."

ఆ శనివారం చర్చి హాల్లో ఎంత సందడి! ఒకవైపు కొరియా వాళ్ళు అన్నం, కూరగాయలు నల్లటి సముద్రపు ఆకులో చుట్టిన ఉండలు తెచ్చారు. ఇంకోవైపు మా పులిహోర, గారెలు. నర్సాపురం ఆంటీ బిర్యానీ ట్రే బల్ల మీద పెడుతూనే, "మా కోడలు చేసింది. ఉప్పు తక్కువేసింది, ఏమనుకోకండి," అని అందరికీ ముందే చెప్పేసింది. కోడలు ఆ రోజు రాలేదు, వచ్చినా ఆంటీ అదే మాట అనేది. అందరి ముందూ లాప్‌టాప్‌లూ టాబ్లెట్లూ పెట్టాను. ఫొటో మీద ఖాళీ కనిపించిన చోట వేలితో తాకితే ఎర్ర చుక్క పడుతుంది. ఒక్కో ఉత్తరం ఇద్దరిద్దరు విడివిడిగా చూడాలి. ఆ అత్తాకోడళ్ళ కథ మాత్రం ఎవరికీ చెప్పకూడదని ఆ అమ్మాయి మాట తీసుకుంది. తెలిస్తే కళ్ళు మోసం చేస్తాయట.

పావుగంటలో హాలు తంబోలా ఆటలా తయారైంది. "నాకు రెండు!" "నాకు మూడు, ఇదిగో పైన ఇంకోటి!" అని అరుపులు. కాఫీ కోసం వచ్చిన వరంగల్ అంకుల్ కూడా ఒక టాబ్లెట్ పట్టుకుని కూర్చున్నాడు.

"ఇగో అక్కా, నాకు ఒక్క పేజీలనే పన్నెండు దొరికినయ్!"

నర్సాపురం ఆంటీ కళ్ళద్దాలు పైకెత్తి చూసింది. "అవి పురుగు తిన్నవండీ. మీరు కాఫీ సంగతి చూడండి."

ఆంటీ మాత్రం అరవలేదు. ఒక ఉత్తరం మీదే చాలాసేపు ఉండిపోయింది. ఏదో అర్థం కాలేదేమోనని దగ్గరికి వెళ్ళాను.

"ఇలా రావే. ఇక్కడ చూడు, ఖాళీకి ముందున్న అక్షరం పాలిపోయింది, తర్వాతది చిక్కగా ఉంది. అంటే సిరా అయిపోయి ముంచుకుంది. ఇది లెక్క కాదు. ఇప్పుడు ఇది చూడు. ముందూ వెనకా ఒకే నలుపు. ముంచుకోలేదు. చెయ్యి ఆగింది, అంతే. లేసులో కూడా ఇంతే, దారం తెగితే వచ్చిన కన్నం వేరు, కావాలని వదిలిన కన్నం వేరు. ఇది కావాలని వదిలింది."

నేను ఆ మాటలు ఇంగ్లీషులో చెప్తుంటే కొరియా అమ్మాయి గుడ్లప్పగించి వింది. గైడ్‌గారి ప్రశ్నకి రెండేళ్ళుగా ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఆంటీ గారె కొరుకుతూ చెప్పేసింది. ఆ అమ్మాయి వంగి నమస్కారం పెట్టింది, ఒకసారి కాదు, మూడుసార్లు. ఆంటీ కంగారుపడి తన ప్లేటులో గారె ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. ఆ పూట నుంచి ఎర్ర చుక్క పెట్టాలంటే అందరూ ముందూ వెనకా నలుపు చూడాల్సిందేనని ఆంటీ చట్టం చేసింది.

రెండు శనివారాలు పట్టింది. రెండో శనివారం నాలుగు గంటలకి చివరి ఉత్తరం అయిపోయింది. నేను చుక్కలన్నీ కలిపి, ఇద్దరూ ఒప్పుకున్న ఖాళీలని మాత్రమే టైప్ చేసినదాంట్లో తిరిగి పెట్టాను. ఈసారి ముందు బ్యాకప్ తీసుకున్నాను, దాని బ్యాకప్ కూడా తీసుకున్నాను. ప్రొజెక్టర్ పెట్టాం. ఆ రోజు సున్నా కనిపించిన పెట్టెలోనే ఆ అమ్మాయి ఖాళీ కొట్టి, అదే మాట టైప్ చేసింది. నొక్కే ముందు నా చెయ్యి పట్టుకుంది. దొరక్కపోతే ఐదేళ్ళ చదువు మాట ఎలా ఉన్నా, ఆ పిల్ల మొహం ఇక నేను చూడలేను.

పదకొండు.

ఆ అమ్మాయి ఒక్కోటీ తెరిచింది. ఒక్కోచోటా ఎర్ర చుక్క. ఎవరికీ చదవడం రాదు, ఎవరికీ కథ తెలియదు, అయినా ఆ ఒక్క మాట ముందే పదకొండు చోట్ల మా ఆంటీలు వేలు పెట్టారు. ఆ అమ్మాయి కుర్చీ మీదికి ఎక్కింది, దిగింది, నన్ను కావలించుకుంది, వరంగల్ అంకుల్‌ని కూడా కావలించుకుంది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

"ఇంతకీ ఏం మాటే అది?" అని అడిగింది నర్సాపురం ఆంటీ.

"కోడలు, ఆంటీ. అత్తగారు కోడలికి వదిలిన గౌరవం."

హాలు దద్దరిల్లింది. "కోడలికా!" "అత్తగారే!" "ఏ దేశంలోనమ్మా ఈ వింత!" అక్కడున్న ఇరవై మంది ఆడవాళ్ళూ ఒకప్పుడు కోడళ్ళు, సగం మంది ఇప్పుడు అత్తగార్లు. ఒకావిడ తన అత్తగారికి వాట్సాప్‌లో ఫొటో పంపిస్తానంది. ఇంకొకావిడ ఆ అత్తగారి ఫొటో ఉంటే ఫ్రేమ్ కట్టిస్తానంది. నవ్వీ నవ్వీ గారెలు గొంతుకి అడ్డం పడ్డాయి.

నర్సాపురం ఆంటీ మాత్రం తెర వైపే చూస్తోంది. "ఆ కోడలు బతికుండగా రాసిన ఉత్తరాల్లో కూడా ఉన్నాయా?"

నేను కొరియా అమ్మాయిని అడిగాను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "ఒక్కటీ లేదు. అన్నీ పోయాక రాసినవే."

నవ్వులు ఆగిపోయాయి. ఆంటీ "అయ్యో పిచ్చితల్లీ, అప్పుడే వదలొచ్చుగా," అంది, ఎన్నడో పోయిన ఆ అత్తగారితో ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు. హాండ్‌బాగ్‌లోంచి ఫోన్ తీసి గోడ వైపు తిరిగింది. నాకు వినపడింది. "ఆఁ అమ్మా, నేనే. ఏం లేదు. బిర్యానీ అందరూ మెచ్చుకున్నారు. ట్రే ఖాళీ. ఉప్పా? సరిపోయింది. సరిపోయిందమ్మా, నేను కూడా రెండుసార్లు పెట్టించుకున్నాను." అవతల కోడలు ఏమందో తెలియదు కానీ ఆంటీ చాలాసేపు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉంది.

కమిటీ ముందు ఆ అమ్మాయి గెలిచింది. సిరా సంగతి గైడ్‌గారు అడిగారట. ముందూ వెనకా ఒకే నలుపు అని పదకొండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించిందట. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఈ పరీక్ష ఎవరు నేర్పారని అడిగారట. లేసు అల్లే ఒకావిడ, అని చెప్పిందట. ఈ కబురు ఫోన్‌లో చెప్తూ ఆ అమ్మాయి ఎంత గట్టిగా నవ్విందంటే, ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదని నాకు ఇక్కడికే తెలిసిపోయింది.

నెల తర్వాత ఆ అమ్మాయి కుంచెతో, పాత పద్ధతిలో, పైనుంచి కిందికి, మాటల మధ్య సందు లేకుండా ఒక కాగితం రాసి తెచ్చింది. ఆర్కైవ్‌లో ఆ ఉత్తరాలకి ముందు పేజీలో పెట్టే కృతజ్ఞతలు. సైట్లో ఎక్కించే పని నాదే. ఎక్కిస్తుంటే నా ప్రోగ్రామ్ ఆగి ప్రశ్న వేసింది: ఇక్కడ ఒక ఖాళీ అదనంగా ఉంది, తీసేయమంటారా? చేసిన పాపానికి బుద్ధొచ్చి, ఏ ఖాళీ తీసేముందైనా మనిషిని అడగాలని ఆ ప్రశ్న పెట్టింది నేనే. వద్దు అని నొక్కాను. నొక్కినందుకు నాకెంత సంబరమో!

అసలు కాగితాన్ని ఆదివారం ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించాం. భోజనాల వేళ నర్సాపురం ఆంటీ దాని ముందు ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని, వేలితో కిందికి దిగుతూ వచ్చి ఒకచోట ఆపింది.

"ఇదిగో, ఇక్కడ ఒకటుంది. ముందూ వెనకా ఒకే నలుపు. కావాలని వదిలిందే." నా వైపు తిరిగింది. "దీని తర్వాత మాటేంటే? రాజుగారా?"

"లేసు అల్లే పెద్దమ్మ అని రాసింది. మీరే, ఆంటీ."

ఆంటీ వేలు ఆ ఖాళీ మీదే ఉండిపోయింది. కళ్ళు నిండాయి. "నాకెందుకే అంత చోటు," అంది. వెనక బిర్యానీ ట్రే పట్టుకుని కోడలు ఎప్పటినుంచో నిలబడి ఉంది. ఆంటీ అది చూసి, ఫ్రిజ్ ముందు నుంచి రెండడుగులు పక్కకి జరిగి కోడలికి చోటిచ్చింది.